పాత పాటల రేడియో వదిలివేసిన శ్రోతలు

ఈ పుటల్లో నేను సాధారణంగా రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ అరుగుదల వంటి విషయాల గురించి వ్రాస్తుంటాను. ఈసారి అమెరికాలో 1950 దశకంలో పుట్టిన రాక్ అండ్ రోల్ పాటల గురించి వ్రాయాలనుకుంటున్నాను. పదవీ విరమణ చేసిన ప్రభుత్వ వైద్యుడికి ఆ గోలతో ఏమి పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. ఆ పాటలు వెలువడిన నాడు పదిహేను, ఇరవై ఏళ్ళ వయసులో ఉన్నవారు నేడు ఎనభై దాటారు. వారిలో కొందరు డిమెన్షియా బారిన పడి భార్యాబిడ్డల పేర్లు కూడా మరచిపోయారు. పాటలను మాత్రం మరచిపోలేదు. ఆ పాటలు వినిపించవలసిన రేడియోలే వారిని మరచిపోతున్నాయి.

అమెరికాలో 'ఓల్డీస్' రేడియో అనే సంప్రదాయం ఒకటి ఉంది. కొత్త పాటల జోలికి పోకుండా, గడచిన దశకాలలో ప్రజాదరణ పొందిన పాటలనే రోజంతా ప్రసారం చేసే కేంద్రాలివి. న్యూయార్కులోని డబ్ల్యు.సి.బి.ఎస్.-ఎఫ్.ఎం. 1972లో ఈ పద్ధతికి మారి చాలా పేరు తెచ్చుకుంది. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, ఫ్యాట్స్ డామినో, ఎల్విస్ ప్రెస్లీ, బడ్డీ హాలీ, ఎవర్లీ సోదరులు ఇటువంటి కేంద్రాలకు మూలధనం. మన వివిధభారతిలో 'పాత బంగారం' వంటి కార్యక్రమాన్ని ఇరవై నాలుగు గంటలూ నడిపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నేను ఏటా కొన్ని నెలలు మా అమ్మాయి ఇంట్లో, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ సమీపంలో గడుపుతాను. రాక్ అండ్ రోల్‌కు ఆ నగరం పుట్టినిల్లు కాకపోయినా, నామకరణం జరిగిన ఇల్లు అనవచ్చు. అలన్ ఫ్రీడ్ అనే వ్యాఖ్యాత 1951 నుంచి అక్కడి రేడియోలో రాత్రిపూట నల్లజాతి గాయకుల రిథమ్ అండ్ బ్లూస్ పాటలను వినిపిస్తూ, 'రాక్ అండ్ రోల్' అన్న మాటను ఇంటింటికీ చేర్చాడు. మాట అంతకు ముందునుంచే వాడుకలో ఉంది. దానిని ఒక సంగీతానికి పేరుగా స్థిరపరచినవాడు ఆయన. 1952 మార్చి 21న ఆయన ఏర్పాటు చేసిన నృత్య సభకు ప్రాంగణం పట్టనంత జనం విరుచుకుపడడంతో అధికారులు సభను మధ్యలోనే ఆపించారు. మొట్టమొదటి రాక్ సంగీత సభ అదేనని చరిత్రకారులు చెబుతారు. ఆ కారణంగానే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ప్రదర్శనశాలను 1995లో ఈరీ సరస్సు ఒడ్డున, క్లీవ్‌లాండ్‌లోనే నెలకొల్పారు. ఫ్రీడ్ సమాధి కూడా ఆ నగరంలోనే ఉంది. దానిమీది రాయిని జ్యూక్‌బాక్స్ ఆకారంలో చెక్కారు. డబ్బు పుచ్చుకుని పాటలు ప్రసారం చేశాడన్న అభియోగం మీద ఉద్యోగం పోగొట్టుకొని, మద్యం వల్ల కాలేయం చెడి, 1965లో 43 ఏళ్ళకే మరణించాడు.

ఈ పాటల నిర్మాణం గురించి కొంత చెప్పాలి. ఎందుకంటే అవి మెదడులో అంత గట్టిగా నాటుకోవడానికి కారణం కొంతవరకు అందులోనే ఉందని నా అభిప్రాయం. పాట సాధారణంగా రెండు నుంచి మూడు నిమిషాలు. 1949లో ఆర్.సి.ఎ. సంస్థ ప్రవేశపెట్టిన, నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డుకు అది సరిపోయే నిడివి. చాలా పాటలకు పన్నెండు తాళావర్తాల బ్లూస్ చట్రమే ఆధారం. మూడే మూడు స్వర సమూహాలు అదే వరుసలో తిరిగి తిరిగి వస్తాయి. రెండోసారి వినేటప్పటికే తర్వాత ఏమి వస్తుందో వినేవాడికి తెలిసిపోతుంది. నాలుగు దెబ్బల తాళంలో రెండవ దెబ్బ, నాలుగవ దెబ్బ బలంగా పడతాయి. భజనలో మొదటి దెబ్బను పట్టుకొని చప్పట్లు కొట్టిన నా చేతులకు ఇది అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. మా మనవరాలు ఇప్పటికీ నన్ను సరిచేస్తూనే ఉంటుంది.

మరొక సంగతి రేడియో పెట్టె. 1954 చివర రీజెన్సీ టి.ఆర్.-1 అనే జేబు ట్రాన్సిస్టర్ 49 డాలర్ల 95 సెంట్లకు అమ్మకానికి వచ్చింది. అంతవరకు ముందుగదిలో తండ్రి అధీనంలో ఉన్న రేడియో క్రమేణా పిల్లల దిండు కిందికి చేరింది. ఆ సంవత్సరమే జులైలో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో 19 ఏళ్ళ ఎల్విస్ తన తొలి రికార్డు పాడాడు. అంతకు ముందే ఏప్రిల్‌లో బిల్ హేలీ 'రాక్ అరౌండ్ ది క్లాక్' రికార్డు చేశాడు. మరుసటి ఏడు ఒక సినిమాలో ఉపయోగించిన తర్వాత ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. నల్లవారు పాడితే ఒక జాబితాలో, తెల్లవారు పాడితే మరొక జాబితాలో వేసే కాలమది. 'హౌండ్ డాగ్' పాటను ఎల్విస్ కంటే ముందు పాడినది బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని. ప్రసిద్ధి ఎవరికి దక్కిందో మీకు తెలుసు. రాత్రివేళ ఏ ఊరి ప్రసారమో పట్టుకొని వినే కుర్రవాడికి గాయకుడి రంగు కనిపించదు. ఆ సంగీతం గోడలు దాటడానికి అది కొంత తోడ్పడింది.

వైద్యుడి కంటితో ఆ గాయకుల జీవితాలు చదివితే మనసు బరువెక్కుతుంది. 1959 శీతాకాలంలో బడ్డీ హాలీ బృందం అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో 24 రోజుల్లో 24 ఊళ్ళ పర్యటనకు బయలుదేరింది. గడ్డకట్టే చలి. బస్సులో వేడినిచ్చే యంత్రం పదేపదే చెడిపోయేది. డ్రమ్ములు వాయించే యువకుడికి పాదాలు మంచుకాటుకు గురై ఆసుపత్రిలో చేర్చవలసివచ్చింది. మంచుకాటు అంటే చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి, కణజాలంలోని నీరు గడ్డకట్టి, కండ చచ్చుబడడం. ఈ అవస్థ పడలేక హాలీ తర్వాతి ఊరికి చిన్న విమానం మాట్లాడుకున్నాడు. బిగ్ బాపర్ అనే పేరుతో పాడే రిచర్డ్‌సన్‌కు ఫ్లూ జ్వరం. జ్వరంతో ఉన్నాడని జాలిపడి వేలన్ జెన్నింగ్స్ తన సీటును అతడికి ఇచ్చాడు. రిచీ వాలెన్స్ నాణెం ఎగరవేసి సీటు గెలుచుకున్నాడు. ఫిబ్రవరి 3 అర్ధరాత్రి దాటాక అయోవా రాష్ట్రంలోని క్లియర్ లేక్ దగ్గర విమానం లేచిన కొద్ది నిమిషాలకే పొలంలో కూలిపోయింది. హాలీకి 22, రిచర్డ్‌సన్‌కు 28, వాలెన్స్‌కు 17 ఏళ్ళు. విమానం నడిపినవాడికి 21. దీనిని విమాన ప్రమాదమనే వ్రాస్తారు. నేనైతే నిద్రలేమి, చలి, జ్వరం, విశ్రాంతినివ్వని పని ఏర్పాటు అన్నింటినీ ఆ మరణపత్రంలో వ్రాస్తాను.

ఎల్విస్ మరణం వేరొక పాఠం. 1977 ఆగస్టు 16న మెంఫిస్‌లో, 42 ఏళ్ళకు, తన ఇంట్లోనే కుప్పకూలిపోయాడు. గుండె లయ తప్పడం కారణమని అధికారులు ప్రకటించారు. శరీరంలో అనేక రకాల మందులు కనిపించాయి. వాటి పాత్ర ఎంత అన్నదానిపై వాదోపవాదాలు దశాబ్దాల పాటు నడిచాయి. ఆ మందులలో చాలా భాగం సందుగొందుల్లో కొన్నవి కావు, వైద్యుడు చీటీ మీద వ్రాసి ఇచ్చినవి. ఆయన వైద్యుడి లైసెన్సును టెన్నెసీ వైద్య మండలి 1995లో శాశ్వతంగా రద్దు చేసింది. నిద్రకొక మాత్ర, మెలకువకొక మాత్ర, నొప్పికొక మాత్ర అడిగే రోగులను నేనూ చూశాను. పెద్దమనిషి అడుగుతున్నాడని కాదనలేక వ్రాసి ఇచ్చే వైద్యులనూ చూశాను. రోగి ఎంత పెద్దవాడైతే అతడికి 'వద్దు' అని చెప్పేవారు అంత తక్కువ.

అందరూ అర్ధాయుష్కులు కారు. ఫ్యాట్స్ డామినో 89, లిటిల్ రిచర్డ్ 87, జెర్రీ లీ లూయిస్ 87, చక్ బెర్రీ 90 ఏళ్ళు జీవించారు. చక్ బెర్రీ పాట 'జానీ బి. గుడ్'ను 1977లో వోయేజర్ వ్యోమనౌకల బంగారు రికార్డులో పెట్టి అంతరిక్షంలోకి పంపారు. ఇప్పుడది సౌరమండలపు సరిహద్దు దాటి నక్షత్రాల మధ్య ప్రయాణిస్తోంది. ఊళ్ళోని ఓల్డీస్ రేడియోలో వినపడడం మాత్రం అరుదైపోయింది.

కారణం వ్యాపారం. వాణిజ్య రేడియోకు ఆదాయం ప్రకటనల నుంచి వస్తుంది. ప్రకటనలిచ్చే సంస్థలు ఎక్కువగా కోరుకునేది 25 నుంచి 54 ఏళ్ళ మధ్య శ్రోతలను. 1955లో పదిహేనేళ్ళ కుర్రవాడు 1994 నాటికి 54 చేరాడు. ఆ తర్వాత అతడు ఎంత శ్రద్ధగా విన్నా లెక్కలోకి రాడు. అందువల్ల ఓల్డీస్ కేంద్రాలు ఏటికేడు ముందుకు జరుగుతూ 50ల పాటలను వదిలి, 70లు, 80లవైపు నడిచాయి. నేను పైన చెప్పిన న్యూయార్కు కేంద్రం 2005లో ఓల్డీస్‌ను పూర్తిగా ఎత్తివేసింది. శ్రోతలు గగ్గోలు పెట్టారు. 2007లో తిరిగి వచ్చింది గాని, 50ల పాటలు చాలావరకు బయటనే ఉండిపోయాయి. ఇప్పుడు ఆ పాటలు కావాలంటే చందా కట్టే ఉపగ్రహ రేడియోనో, ఇంటర్నెట్ ప్రసారాలనో ఆశ్రయించాలి. ఎనభై అయిదేళ్ళ వృద్ధుడికి అవి చేతకావు. వ్యాపారి దృష్టిలో ఇది తప్పు కాకపోవచ్చు. కాని ఒక పాట మనిషికి అన్నింటికంటే ఎక్కువగా అవసరమయ్యే వయసులో అది అతడి చేతికి అందకుండా పోతోంది. నా ఆవేదన అది.

ఇది నాకు పుస్తకాల ద్వారా తెలిసిన విషయం కాదు. మా వియ్యంకులు 1962లో, 22 ఏళ్ళ వయసులో, ఇంజనీరింగు పైచదువు కోసం ఒహాయో వచ్చారు. ఆనాడు ఆ ప్రాంతంలో తెలుగు మాట వినబడడమే గగనం. అద్దెగదిలో ఒంటరితనం, బయట మంచు, బల్లమీద పాత రేడియో. ఫ్యాట్స్ డామినో అప్పటికే పాత గాయకుడి కింద లెక్క, అయినా పాటలు వస్తూ ఉండేవట. అమెరికా వారి ఉచ్చారణ ఆయనకు పట్టుబడింది ఆ రేడియో వల్లనే. ఆరేళ్ళుగా ఆయనకు అల్జైమర్స్ వ్యాధి. తర్వాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోవడం ఇటువంటి కొందరు రోగులలో చూస్తాం. అరవై ఏళ్ళు ఇంగ్లీషులో ఉద్యోగం, వ్యవహారం నడిపిన మనిషి నేడు నర్సు అడిగే ఇంగ్లీషు ప్రశ్నకు బదులు చెప్పలేరు. తెలుగులో మాత్రం, "బావగారూ, భోంచేశారా?" అని నన్ను పది నిమిషాలకొకసారి అడుగుతారు. నేను ప్రతిసారీ భోంచేశానని చెబుతాను.

అన్నింటికంటే కష్టం స్నానం. ఒంటిమీద నీళ్ళు పడగానే భయపడి పెనుగులాడేవారు. మా అమ్మాయి మణికట్టు మీద ఆయన వ్రేళ్ళ గుర్తులు నేను చూశాను. తండ్రిగా ఆ గుర్తులు చూడడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. వైద్యుడిగా ఆయన మీద కోపగించుకునే వీలూ లేదు. ఒకనాడు అల్లుడు ఫోనులో పాత పాటలు పెట్టి వంట చేస్తున్నాడు. ఫ్యాట్స్ డామినో 'బ్లూబెర్రీ హిల్' వచ్చింది. కుర్చీలో కళ్ళు మూసుకొని ఉన్న పెద్దాయన మోకాలిమీద తాళం వేస్తూ, మొదటి మాట నుంచి చివరి మాట వరకు, తడబాటు లేకుండా, ఇంగ్లీషులో పాడారు. అల్లుడు స్టవ్ కట్టేసి అలాగే నిలబడిపోయాడు. పాట ముగిశాక పెద్దాయన తెలుగులోనే, "ఈయన నాకు బాగా తెలుసు" అన్నారు.

ఇక్కడ నేను మీకు అబద్ధపు ఆశ కల్పించదలచుకోలేదు. ఆ పాట తర్వాత కూడా ఆయన మనవరాలిని తన చెల్లెలి పేరుతోనే పిలిచారు. పోయిన జ్ఞాపకాలు పాటతో తిరిగిరావు. సంగీత చికిత్స మీద జరిగిన అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించిన కొక్రేన్ సమీక్ష 2018లో తేల్చినదీ ఇదే. క్రుంగుబాటు, ప్రవర్తన సమస్యలు కొంత తగ్గే అవకాశం ఉంది. జ్ఞాపకశక్తి, తెలివితేటలు మెరుగుపడడం మాత్రం పెద్దగా కనబడదు. 'పాటలతో అల్జైమర్స్ మాయం' అని వాట్సాప్‌లో వచ్చేవాటిని నమ్మకండి.

మరి పాట ఎలా మిగిలింది? రెండు విషయాలున్నాయి. మొదటిది, మనిషి వృద్ధాప్యంలో తన జీవితాన్ని తలచుకుంటే సుమారు 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగినవే దట్టంగా గుర్తుకు వస్తాయి. మొదటి ఉద్యోగం, మొదటి ప్రేమ, ఇల్లు వదలడం అన్నీ ఆ కాలంలోవే. ఆనాటి పాట ఆ అనుభవాలతో పెనవేసుకొని ఉంటుంది. రెండవది మెదడులో పాట నిలిచే చోటు. జర్మనీలోని శాస్త్రజ్ఞులు 2015లో 'బ్రెయిన్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. చిరకాలంగా తెలిసిన పాటలు వింటున్నప్పుడు ఆరోగ్యవంతుల మెదడులో ఏ భాగాలు పనిచేస్తాయో ముందుగా గుర్తించి, అల్జైమర్స్ రోగులలో అవే భాగాలు ఎంత దెబ్బతిన్నాయో చూశారు. మెదడు ముందుభాగంలో కదలికలకు, ప్రణాళికకు సంబంధించిన ఆ ప్రాంతాలు ఇతర భాగాలతో పోలిస్తే తక్కువగా క్షీణించినట్లు తేలింది. పేర్లు, ముఖాలు దాచుకునే అర ముందుగా కూలిపోయినా, పాట వేరొక అరలో పదిలంగా ఉందన్నమాట. దీనికి నా ఊహ ఒకటి చేరుస్తాను. వయసుతో మొదట మందగించేది హెచ్చు స్థాయి ధ్వనుల వినికిడి. నాటి ఎ.ఎం. రేడియోలో, చిన్న స్పీకరులో వినబడేందుకు చేసిన ఆ పాటల సారమంతా మధ్య స్థాయిలోనే ఉంటుంది. కనుక ముసలి చెవికి వాటిలో పోగొట్టుకునేది తక్కువ.

మా అమ్మాయి ఇప్పుడు స్నానానికి పది నిమిషాల ముందు పాట పెడుతుంది. మందకొడి తాళం గల పాటలే పనికివస్తున్నాయి. లిటిల్ రిచర్డ్ వస్తే ఆయన ఉద్రేకపడతారు. జెర్రీ లీ లూయిస్ అసలే వద్దు. అన్ని రోజులూ ఒకేలా ఉండవు గాని, మణికట్టు మీద కొత్త గుర్తులు లేవు. ఇయర్‌ఫోన్లు పెట్టకుండా గదిలో స్పీకరు వాడుతున్నారు. శబ్దం ఎక్కువైందని చెప్పలేని మనిషికి ఇయర్‌ఫోన్లు పెట్టడం నాకు ఇష్టం లేదు. వార్తలు, ప్రకటనలు మధ్యలో దూరితే ఆయన కలవరపడతారు కాబట్టి ఎంచుకున్న పాటలనే వరుసగా పెడతారు. మీ ఇంట్లో ఎవరికైనా ప్రయత్నిస్తే టీవీ కట్టివేయండి, ఒక్కసారికి అరగంట మించవద్దు, వినేవారి ముఖం చూస్తూ ఉండండి.

ముఖం చూడమని ఎందుకంటున్నానంటే, పాట ఆనందాన్నే తెస్తుందన్న హామీ లేదు. ఎవర్లీ సోదరుల 'ఆల్ ఐ హ్యావ్ టు డూ ఈజ్ డ్రీమ్' వచ్చినప్పుడు ఆయన నిశ్శబ్దంగా ఏడ్చారు. అమ్మాయి కంగారుపడి దానిని తీసివేయబోయింది. మా వియ్యపురాలు అడ్డుకున్నారు. "ఏడవనివ్వండి అన్నయ్యగారూ. నేను కాపురానికి వచ్చింది 67లో. అంతకు ముందరి పాట అది. ఎవరు గుర్తుకొస్తున్నారో నేనెన్నడూ అడగలేదు, ఇప్పుడడిగినా చెప్పలేరు," అంటూ ఆయన చేయి పట్టుకొని పాట పూర్తయ్యేవరకు కూర్చున్నారు. భయం, పెనుగులాట కనిపిస్తే పాట ఆపాలి. కన్నీరు అటువంటిది కాదు. ఆ పాట జాబితాలో అలాగే ఉంది, ఆమె పక్కన ఉన్నప్పుడు మాత్రమే పెడతారు.

ఈ పాటలు మీ ఇంటి పెద్దలవి కాకపోవచ్చు. మీ నాన్నగారివి ఘంటసాల పాటలు కావచ్చు, మీ అమ్మగారివి రేడియోలో విని నేర్చుకున్న లలితగీతాలు కావచ్చు, మేనత్తగారివి పెళ్ళిపాటలు కావచ్చు. వారు బాగున్నప్పుడే అడిగి తెలుసుకోండి. పదిహేనేళ్ళప్పుడు ఏమి వినేవారు, ఎక్కడ వినేవారు, ఎవరితో కలిసి వినేవారు? భక్తిగీతాలు వినిపిస్తే చాలునని పిల్లలు అనుకుంటారు. డెబ్బై ఏళ్ళు దాటాక వినడం మొదలుపెట్టిన సుప్రభాతం కంటే, ఇంట్లో తెలియకుండా విన్న సినిమా పాట లోతుగా దిగి ఉండవచ్చు. ఆ సంగతి వారు పిల్లలతో చెప్పడానికి సిగ్గుపడతారు. మనవలు అడిగితే చెబుతారు.

నా చీటీ నేను వ్రాసి ఉంచాను. గుండమ్మ కథలోవి రెండు, మూగమనసులులోవి రెండు, కాకినాడలో చదువుకునే రోజుల్లో రేడియో సిలోన్‌లో విన్న ఎల్విస్ పాట ఒకటి. ఎల్విస్ పేరు చూసి మా ఆవిడ నవ్వింది. ఆ కాగితం బీమా పత్రాల ఫైలులో, నా రక్తం గ్రూపు, మందుల ఎలర్జీలు వ్రాసిన పేజీకి వెనుక ఉంది.